రాజప్ప మెడ మీద గీత

బళ్ళారి చుట్టుపక్కల ఆ ఫోటో చూడనివాళ్ళు లేరు. రాజా మారెప్ప నాయకుణ్ణి గుంతలోకి దించే ముందు, పూలదండలన్నీ తీసేశాక తీసిన ఫోటో అది. తీసింది నేనే. నా పేరు హంపన్న, కౌల్ బజార్‌లో ముప్పై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళిళ్ళూ నామకరణాలూ తీసి తీసి కళ్ళు పోగొట్టుకున్నాను గానీ, ఊరికి నా పేరు తెలిసింది మాత్రం ఒక చనిపోయిన మనిషి మెడ వల్ల. ఆ ఫోటో ఎవరు తీశారంటే పదిమంది నా పేరు చెబుతారు. ఆ శవాన్ని కూర్చోబెట్టి కట్టింది ఎవరంటే ఒక్కడూ చెప్పడు, చెప్పినా తిట్టి చెబుతాడు. అది నాకు ఒళ్ళు మండే సంగతి. అందుకే గాదిలింగప్ప గురించి రాయడానికి కూర్చున్నాను.

మా వైపు చాలా ఇళ్ళలో చనిపోయిన మనిషిని పడుకోబెట్టరు. స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, గోడకో గుంజకో ఆనించి కూర్చోబెడతారు. వచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి ముఖం చూసి దండం పెట్టుకుంటారు. ఊరేగింపూ కూర్చునే, గుంతలోనూ కూర్చునే. ప్రాణం లేని ఒళ్ళు తనంతట తాను కూర్చోదు కాబట్టి నడుముకొకటి, ఛాతీకొకటి, గడ్డం కింద ఒకటి బట్టలు వేసి గుంజకు కట్టాలి. కరిగుడ్డం రాజుల ఇంట్లో ఆ పని గాదిలింగప్ప వంశానిది. ఏ కాలంలోనో దానికి రెండెకరాల చేను ఇచ్చారు. రాజులంటే పెద్దగా ఊహించుకోకండి. రూపనగుడి అవతల ఒక కొండ, కొండ కింద కూలిన కోటగోడ, ఆ గోడ లోపల ఒక పెంకుటిల్లు, అదే సంస్థానం. అయినా చుట్టూ నలభై ఊళ్ళకు మారెప్ప నాయకుడు రాజప్పే.

గాదిలింగప్ప సన్నటి మనిషి. మాట తక్కువ, బీడీ ఎక్కువ. చిన్నప్పుడు వాళ్ళ నాయన జొన్నల మూటను గుంజకు కూర్చోబెట్టి ఆ పని నేర్పించాడట. పాత పంచె చింపి, మెత్తగా ఉతికి, మడతలో దూది పెట్టి కట్టాలి. కట్టాక మెడ దగ్గర వేలు దూర్చి చూడాలి. వేలు దూరకపోతే విప్పి మళ్ళీ కట్టాలి. "తల కొంచెం వాలితే వాలనీరా," అనేవాడట ఆయన. "సచ్చినోడు సెలవు తీసుకుంటాండాడు, కాపలా కాయడంలే." ఆ పద్ధతిలోనే గాదిలింగప్ప రాజప్ప తల్లిని కట్టాడు, తమ్ముణ్ణి కట్టాడు. ఎవరూ వంక పెట్టలేదు. ఏళ్ళకొకసారి వచ్చే పని అది. మిగతా రోజుల్లో అతనూ అతని భార్య హనుమమ్మా చేనుపనికి పోయేవాళ్ళు.

తర్వాత ఇనుప గనుల కాలం వచ్చింది. చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళు చెప్పినా నమ్మరు. మా ఎర్రమట్టి ఓడలెక్కి చైనాకు పోతోందన్నారు. చూస్తూ ఉండగానే సత్యనారాయణపేటలో మేడలు లేచాయి. నిన్నటి దాకా నా స్టూడియో ముందు సైకిలు ఆపినవాడు కారు అద్దం దించి, "ఏం హంపన్నా, ఇంకా ఈడనే ఉండావా?" అని నవ్వేవాడు. రోడ్డు మీద లారీ వెనక లారీ. చింతచెట్టు ఆకులు కూడా ఎర్రగానే ఉండేవి. గాదిలింగప్ప చేనులో దుమ్ము మేటవేసి పత్తి కాయ కట్టడం మానేసింది.

అతను రోడ్డు పక్క ఖనిజం యార్డులో చేరాడు. లోడు నింపిన లారీ మీద టార్పాలిన్ కప్పి తాడు బిగించే పని. దానికొక ముడి ఉంది. మామూలు ముడి గుంతల్లో కుదుపులకు వదులైపోతుంది. ఇది కుదుపు పడిన కొద్దీ బిగుసుకుంటుంది. డ్రైవర్లు దాన్ని లారీ ముడి అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లారీ ఎక్కడం, ముడి వేయడం, దిగడం. మూడేళ్ళు అదే పని చేశాడు. ఒకసారి ఇంట్లో దూడను కట్టేస్తే అది ముడి బిగిసి గుడ్లు తేలేసిందని, హనుమమ్మ కొడవలితో తాడు కోసిందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారట.

రెండువేల ఏడు వేసవికి రాజప్పకు డెబ్బై దాటాయి. కరిగుడ్డం కొండ ఆయన పేరు మీదే ఉంది, కొండ నిండా ఇనుము. సంతకం కోసం కంపెనీల వాళ్ళు తిరిగారు. లారీల వ్యాపారంలో దిగిన మేనల్లుడు విక్రమ్ అందరికంటే ఎక్కువ తిరిగాడు. ఆయన వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ ఇప్పించి పంపేవాడు. "ఆ కొండ మింద మా తాతలుండారప్పా, వాళ్ళని యాడికి పంపేది?" అనేవాడు. ఈ మాట నలభై ఊళ్ళకూ తెలుసు. అలాంటి మనిషి వైశాఖంలో ఒక ఉదయం స్నానాల గదిలో పడిపోయాడు. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది జీపు డ్రైవర్ ఈరేష్ ఒక్కడే. అతను తలుపు విరగ్గొట్టి, ఆయన్ని ఎత్తుకుని, జీపులో బళ్ళారి ఆసుపత్రికి తెచ్చాడు. అప్పటికే గుండె ఆగిపోయిందన్నారు. వయసైన మనిషి కదా అని ఎవరూ పోస్టుమార్టం మాట ఎత్తలేదు.

పది గంటలకల్లా విక్రమ్ నన్ను పిలిపించాడు. కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. గాదిలింగప్ప యార్డు నుంచి అలాగే వచ్చేసినట్టున్నాడు, గోళ్ళలో ఎర్రమట్టి ఎంత కడిగినా పోవడం లేదు. రాజప్పను గుంజకు ఆనించి కూర్చోబెట్టి పద్ధతి ప్రకారమే కట్టాడు. వేలు దూర్చి చూశాడు కూడా. తల కాస్త ముందుకు వాలింది. తర్వాత అతను మెడ దగ్గరి కట్టు విప్పి మళ్ళీ కట్టాడు. ఎందుకు విప్పాడో నాకు తెలుసు. అది ఇప్పుడే చెప్పలేను, చివర్లో చెబుతాను. రెండోసారి కట్టేటప్పుడు బయట పెద్ద నాయకుల కార్లు వచ్చాయి, విక్రమ్ తొందరపెట్టాడు, జనం తోసుకొచ్చారు. మెడ మీద దండలు పడ్డాయి. వేలు దూర్చి చూసే తీరిక అతనికి దొరకలేదు.

ఎర్రప్ప అనే అతని ట్రాక్టర్ ట్రాలీ మీద కుర్చీ, గుంజ అమర్చి ఊరేగించారు. కొండ చుట్టి, అవతలి వైపు కింద ఉన్న సమాధుల దాకా ఏడు కిలోమీటర్లు. ఆ రోడ్డును అప్పటికే లారీలు నమిలేశాయి. ట్రాలీ గుంతలో పడి లేచినప్పుడల్లా రాజప్ప తల ఊగకుండా నిటారుగా ఉంది. జనం చూసి, "రాజు రాజేనప్పా, సచ్చినా తల వంచలే," అని ఏడ్చారు. గుంత దగ్గర దండలు తీశారు. గాదిలింగప్ప మెడ దగ్గరి బట్టతో చాలాసేపు తంటాలు పడి విప్పాడు. నేను ఒక ఫోటో తీశాను. ఏడుపుల్లో, ఎండలో నేనేమీ గమనించలేదు.

మూడో రోజు ఎవరో గమనించారు. రాజప్ప గడ్డం కింద నుంచి చెవి వెనక్కి ఒక నల్లటి గీత.

ఇక చూడండి సంబరం. నా స్టూడియో ముందు వరస కట్టారు. రూపనగుడి బస్సు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి ఫోటో అడిగేవాళ్ళు. నేను ప్రింట్లు వేస్తూనే ఉన్నాను, సిగ్గు లేకుండా. కొన్నవాళ్ళు ఎర్ర పెన్నుతో గీత చుట్టూ సున్నా చుట్టి ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు. టీ కొట్టువాడు ఫోటోను చక్కెర డబ్బాకు ఆనించి పక్కన భూతద్దం పెట్టాడు. కేబుల్ టీవీలో రోజూ సాయంత్రం రాజప్ప చావు మీద గంటసేపు చర్చ. తాడన్నారు, తువ్వాలన్నారు, ముందు మజ్జిగలో మందు కలిపారన్నారు. దండలమ్మే హుసేనమ్మ తాను ఆ గీతను ఆ రోజే చూశానని చెప్పింది. ఆమె ఆ రోజు కరిగుడ్డం రానే లేదు, దండలు నాతోనే పంపింది. ఎదురుగా నిలబడి అడిగితే, "నువ్వు సూడలేదేమో, నేను సూసినా," అంది. ఆమెతో వాదించి గెలిచినవాడు కౌల్ బజార్‌లో లేడు.

అందరి వేలూ ఈరేష్ మీదికే. ఇంట్లో ఉన్నది వాడొక్కడే. తలుపు నిజంగానే లోపల గడియ వేసి ఉందని ఎవరు చూశారు? పైగా రాజప్ప పోయిన వారానికి విక్రమ్ అతన్ని తన టిప్పర్ మీద డ్రైవర్‌గా పెట్టుకున్నాడు. ఇంకేం కావాలి? బస్టాండు దగ్గర జనం ఈరేష్‌ని కొట్టారు. పక్కటెముక విరిగింది. పోలీసులు రోజూ పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టేవాళ్ళు. గాదిలింగప్పను కూడా పిలిచి ఒకే ప్రశ్న అడిగారు, కట్టేటప్పుడు మెడ మీద గీత ఉందా లేదా అని. చుట్టూ ఖాకీ బట్టలు, బయట జనం. "సూడలేదు సార్," అన్నాడతను. ఆ మాటతో ఈరేష్ మెడకు ఉచ్చు పడింది. కట్టినవాడే లేదని చెప్పలేకపోయాడంటే ఉన్నట్టే కదా అన్నారు.

అప్పటిదాకా గాదిలింగప్ప ఆ ఫోటో చూడలేదు. చూడ్డానికి భయపడ్డాడనుకుంటాను. ఒక మధ్యాహ్నం స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"హంపన్నా, మెడ కాడ పెద్దది సేసి సూపీ."

కంప్యూటర్‌లో పెద్దది చేశాను. గీత చెవి కింద ఆగిన చోట పక్కపక్కనే రెండు చిన్న నొక్కులున్నాయి. అతను ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నా కుర్చీ చేతికి చుట్టి, ముడి వేసి నాలుగైదుసార్లు గుంజాడు. విప్పాడు. రెక్సిన్ మీద ఒక గీత, పక్కన రెండు నొక్కులు.

"నా ముడే," అన్నాడు. "లారీ ముడి. నా సేతులు నాకు సెప్పకుండానే ఏసినాయి. ఆ గుంతల్లో కుదిపిందల్లా బిగిసింది."

షట్టరు సగం దించాను. "ఎవరికన్నా సెప్పినావా?"

"నీకే."

"ఇంక సెప్పొద్దు. నీ ముడి అంటే నువ్వే పిసికినావంటారు. ముక్కలు సేస్తారు నిన్ను."

"ఈరేషప్పని సేస్తాండారు గదా ఇప్పుడు."

అతను ఆ మాట కోపంగా అనలేదు. అందుకే నాకు కోపం వచ్చింది. వాడెవడు నీకు, నీ కొడుకా, నీ అల్లుడా అని అరిచాను. అతను తువ్వాలు దులుపుకుని తలకు చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను వణికింది అతని కోసమే అయితే ఈ కథ ఇంత కష్టపడి రాయక్కర్లేదు.

ఇంట్లో సంగతి చెప్పగానే హనుమమ్మ ఇంకో వైపు నుంచి పట్టుకుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. రాజప్ప చావు మీద కేసు నడుస్తున్నంతకాలం వారసుడు విక్రమ్ సంతకానికి విలువ లేదు, కొండ మీదికి ఒక్క యంత్రమూ ఎక్కలేదు. ఊరికి అది దొరికిన వరం. "ఆ గీత ఉన్నన్నాళ్ళు కొండ ఉంటాది," అందామె. "నువ్వు నోరు తెరిస్తే రేపే జేసీబీలు వస్తాయి. రాజప్ప ఏం కోరుకున్నాడో అది నిలబడాల్నా వద్దా? నీకు పుణ్యముంటాది, సుమ్నే నోరు మూసుకోనుండు." నోరు మూసుకోవడమే రాజభక్తి అయిన రోజులవి. గాదిలింగప్పకు అన్నం సయించలేదు.

ఆ మర్నాడు పొద్దున ఈరేష్ భార్య సుమ గాదిలింగప్ప వాకిట్లోకి వచ్చింది. చంకలో ఏడు నెలల పిల్ల. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, అతను ఎక్కడ నోరు జారతాడో అని కాపలాగా పోయాను. ఆమె ఏడవలేదు.

"మామా, రేపు గుంత తవ్వి రాజప్పను బయటికి తీస్తారంట. తీసినాక మా ఆయన్ని జైలుకు పంపుతారంట. జైలు దాకా పోనిస్తారో లేదో కూడా తెల్దు. ఒక్క మాట సెప్పు సాలు. నువ్వు కట్టేటప్పుడు ఆ గీత ఉండెనా?"

హనుమమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. నేను బీడీ వెలిగించుకుంటున్నట్టు తల దించుకున్నాను. గాదిలింగప్ప పిల్ల వైపు చూశాడు.

"లేదు తల్లీ," అన్నాడు. "పో. రేపు వస్తా."

మర్నాడు కొండ కింద నలభై ఊళ్ళ జనం. టీవీ వాళ్ళ గొడుగులు, నిమ్మసోడా బండ్లు, కొబ్బరిబోండాల వాళ్ళు. జాతర అనుకోవాలి, మధ్యలో సమాధి లేకపోతే. తాసిల్దారు, ఇన్‌స్పెక్టరు, ఒక డాక్టరు, గడ్డపారలతో నలుగురు కూలీలు. గుంత చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు, రాజును కదిలించాలంటే ముందు మమ్మల్ని తవ్వండి అంటున్నారు. పోలీసు జీపులో ఈరేష్. అతన్ని చూడగానే రాయి ఒకటి వచ్చి జీపు అద్దానికి తగిలింది. రెండోది వచ్చింది. సుమ జీపు తలుపు పట్టుకుని పిల్లను కొంగు కింద దాచుకుంది.

గాదిలింగప్ప జనాన్ని తోసుకుని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డాడు. "సార్, ఆ గీత నా కట్టుది. ట్రాలీలో బిగిసింది. ఆయప్పకేం తెల్దు."

మొదట నవ్వులు, తర్వాత బూతులు. ఎంతకు అమ్ముడుపోయావన్నారు. విక్రమ్ లారీ ఇచ్చాడా అన్నారు. మొదట చూడలేదన్నవాడివి ఇప్పుడెలా చెబుతున్నావని ఇన్‌స్పెక్టరూ అడిగాడు. గాదిలింగప్ప చుట్టూ చూశాడు. ఎర్రప్ప ట్రాక్టర్ అక్కడే ఉంది, జనాన్ని తెచ్చింది.

"కోట కాడ్నుంచి ఈడికి అదే దోవ, అదే ట్రాలీ. నన్ను కూసోబెట్టి నడపండి. గీత పడకపోతే నన్నే ఏయండి జైల్లో."

పిచ్చిపట్టిందా అన్నాడు తాసిల్దారు. డాక్టరు మాత్రం అతని చేతులనే చూస్తున్నాడు. జనానికి ఇది గుంత తవ్వడం కంటే బాగా నచ్చింది. కట్టండి, కట్టండి అని అరిచారు. అరిచినవాళ్ళ పేర్లు నాకు తెలుసు, రాయను. ఎర్రప్ప తాళంచెవి ఇవ్వనని పారిపోబోతే పట్టుకొచ్చారు. ఇన్‌స్పెక్టరు చివరికి, సగం దూరమే, చెయ్యెత్తితే ఆపాలి అన్నాడు.

అందరూ వెనక్కి కోట దాకా పోయాక, ట్రాలీ మీద గుంజకు ఆనుకుని గాదిలింగప్ప కూర్చున్నాడు. మెడకు బట్ట తానే వేసుకున్నాడు. చేతులు చెవి వెనక్కి పోనిచ్చి, చూడకుండానే, ఆ ముడి వేశాడు. ఎంత తేలిగ్గా వేశాడో చూసి డాక్టరు పక్కకు తిరిగి ఇన్‌స్పెక్టర్‌తో ఏదో అన్నాడు. మొదట వేలు దూరేంత చోటుంది, నేనే చూశాను. ట్రాక్టర్ కదిలింది. నేను మోటారుసైకిలు మీద పక్కనే ఉన్నాను. మెడలో కెమెరా ఉంది, చెయ్యి దాని మీదికి పోలేదు.

మొదటి గుంతలో ట్రాలీ ఎగిరింది. ఏమీ కాలేదు. రెండోది, మూడోది. అతను ఒళ్ళు వదిలేసి కూర్చున్నాడు, శవం కూర్చున్నట్టే. యార్డు మలుపు దగ్గర లారీలు లోతుగా తవ్వేసిన చోట ట్రాలీ ఒక పక్కకు ఒరిగి లేచింది. అతని ముఖం రంగు మారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. "సెయ్యెత్తు!" అని అరిచాను. ఎత్తలేదు. పక్కన పరిగెడుతున్న జనంలో కేకలు తగ్గాయి. ఇంకో గుంత. కాళ్ళు తన్నుకోవడం మొదలయింది. ఇన్‌స్పెక్టర్ వెనక జీపులోంచి ఈల ఊదుతున్నాడు, ట్రాక్టర్ చప్పుడులో ఎర్రప్పకు వినిపించలేదు.

జీపులోంచి దూకింది ఈరేష్. విరిగిన పక్కటెముకతో ట్రాలీ ఎక్కాడు. ముడి విప్పబోయాడు, అది వాడికి తెలిసిన ముడి కాదు, లాగితే ఇంకా బిగిసింది. "కత్తి! కత్తియ్యండప్పా!" అని ఏడుస్తూ అరిచాడు. జనం వెంట వచ్చిన కొబ్బరిబోండాలవాడు తన కత్తి అందించాడు. బట్ట తెగింది. గాదిలింగప్ప అతని భుజం మీద పడి గాలి పీల్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

డాక్టరు నా ఫోటోను అతని మెడ పక్కన పెట్టి చూశాడు. గడ్డం కింద నుంచి చెవి వెనక్కి గీత. చెవి కింద రెండు నొక్కులు. ప్రాణం పోయిన కొద్ది గంటల్లో, ఎండలో, శవం ఒంటి మీద కూడా ఇలా గీత పడుతుందని, ఆ నొక్కులు ఇంకెలాగూ రావని రాసిచ్చాడు. రాళ్ళు పట్టుకున్నవాళ్ళు వాటిని మెల్లగా కింద వదిలేశారు. గుంత తవ్వకుండానే గడ్డపారలు ట్రాక్టర్‌లోకి ఎక్కాయి.

ఇన్‌స్పెక్టర్ చివరిగా ఒక ప్రశ్న వేశాడు. "మొదట వదులుగా కట్టి, మళ్ళీ విప్పి బిగించావని ఇంట్లోవాళ్ళు చెబుతున్నారు. ఎందుకు విప్పావు?"

గాదిలింగప్ప తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్కసారే.

"అలవాటు సార్," అన్నాడు బొంగురు గొంతుతో. "సేతులు లారీకి అలవాటు పడినాయి."

ఈరేష్‌ని వదిలేశారు. అనుమానం మాత్రం ఎక్కడికీ పోలేదు. గీత కాకపోతే మజ్జిగ అన్నారు, మజ్జిగ కాకపోతే తలుపు గడియ అన్నారు. రాజప్ప నిజంగా ఎలా పోయాడో నాకూ తెలియదు. తెలుసునని చెప్పేవాళ్ళు ఈరోజుకీ టీ కొట్టు నిండా ఉన్నారు. హనుమమ్మ చెప్పినట్టే ఆరు నెలల్లో విక్రమ్ సంతకం చేశాడు, కొండ మీదికి యంత్రాలెక్కాయి. దానితో ఊరు గాదిలింగప్పను వెలివేసినంత పని చేసింది. నీళ్ళ కొళాయి దగ్గర హనుమమ్మ బిందె పక్కకు పెట్టేవాళ్ళు. కొండ పేలిన చప్పుడు వినిపించినప్పుడల్లా అతను వాకిట్లోంచి లేచి లోపలికి పోయేవాడు. అతని గొంతు మళ్ళీ బాగుపడలేదు. ఈరేష్, సుమ మాత్రం పండుగ లేని వారాల్లో కూడా వచ్చిపోయేవాళ్ళు. ఆ పాత కట్టు, మెత్తటి పంచె, దూది, వేలు దూరే కొలత, ఈరేష్‌కి జొన్నల మూట మీద నేర్పించాడు.

గనులు మూతపడి లారీలన్నీ రోడ్డు పక్క నిలిచిపోయిన ఏడాది, శ్రావణంలో గాదిలింగప్ప పోయాడు. బతికుండగా పలకరించనివాళ్ళంతా వచ్చారు. అతన్ని చూడ్డానికి కాదు, మెడ చూడ్డానికి. ఈరేష్ కట్టాడు. వేలు దూర్చి చూశాడు. తల ముందుకు వాలింది. హనుమమ్మ నన్ను ఒక ఫోటో తీయమంది, ఇంట్లో అతని ఫోటో ఒక్కటీ లేదట. కెమెరా ఎత్తాను. వెనక నుంచి ఎవరో, "తల కొంచెం ఎత్తు ఈరేషప్పా, మొగం రాదు ఫోటోలో," అన్నారు. ఈరేష్ చెయ్యి ముడి మీదికి పోయింది.

"ముట్టుకోవద్దు," అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, జనమంతా నా వైపు తిరిగారు.

ఎందుకంటే రాజప్ప పోయిన రోజు కోటలో ఆ మాట అన్నది నేను. "తల కొంచెం ఎత్తు గాదిలింగప్పా, మొగం రావడంలే." నా మాట మీదే అతను విప్పి మళ్ళీ కట్టాడు. పోలీసులకు చెప్పలేదు, జనానికి చెప్పలేదు, నాకు కూడా ఒక్కసారైనా గుర్తుచేయలేదు. నాలుగేళ్ళు ఆ మనిషి నా తప్పును తన చేతుల మీద వేసుకుని తిరిగాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ వాకిట్లోనే, హనుమమ్మ ముందు, అందరికీ వినపడేలా ఇదంతా చెప్పాను.

తర్వాత నేల మీద మోకాళ్ళు వేసి, వంగి, కింద నుంచి కెమెరా పట్టాను. ముఖం మొత్తం కనబడింది. ఆ రోజు కూడా నేను ఇంత వంగి ఉంటే సరిపోయేది.